పాత లారీకి క్లచ్ తేడా చేస్తే: ఎయిర్ తీయిస్తే చాలా, కిట్టు వేయించాలా, గేర్ బాక్సు దించాలా?

పాత లారీకి గేరు పడటం లేదనో, లోడు మీద లాగడం లేదనో చెప్పగానే షెడ్డులో వినిపించే మొదటి మాట "ప్లేటు పోయింది, దించేద్దాం" అని. దించడమంటే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాలి, గేరు రాడ్లు, క్లచ్‌ని నొక్కే స్లేవ్ సిలిండరు తప్పించాలి, గేర్ బాక్సుని జాకీ మీదికి దింపాలి, అంతా అయ్యాక గానీ లోపల ఏముందో కనబడదు. బండి ఒక రోజు ఆగుతుంది, సామాను వెంటనే దొరక్కపోతే రెండు మూడు రోజులు. ఈలోగా కిరాయి పోతుంది, డ్రైవర్ బత్తా, ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగవు. తీరా దించాక "ప్లేటు ఇంకా కొన్నాళ్లు వచ్చేదే, కానీ ఎలాగూ విప్పాం కదా, మార్చేద్దాం" అంటే అప్పుడు కాదనే పరిస్థితి ఉండదు.

అందుకే సూటిగా చెబుతున్నా. గేర్ బాక్సు దించక ముందు ప్రతి పనికీ కారణం అడగండి, పరీక్ష చేసి చూపించమనండి. ఒకసారి దించాక మాత్రం చిన్న సామాన్ల దగ్గర పిసినారితనం చేయకండి. ఈ రెండూ తారుమారైన చోటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇక్కడ రాసేది టాటా 407, 709, 1613, లేలాండ్ కామెట్ లాంటి పాత మాన్యువల్ గేరు బండ్లను దృష్టిలో పెట్టుకుని. కొలతలు బండిని బట్టి మారతాయి కాబట్టి మీ మోడల్ మాన్యువల్లో ఉన్న అంకెకే విలువ, కానీ వెతికే పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే.

ముందు జబ్బు ఏదో తేలాలి

క్లచ్ చేసే పని రెండే రెండు. కాలు తీస్తే ఇంజను బలాన్ని మొత్తం గేర్ బాక్సుకి అందించాలి, కాలు నొక్కితే రెండిటినీ పూర్తిగా విడదీయాలి. లైనింగు ఉన్న క్లచ్ ప్లేటుని, ఇంజనుతో తిరిగే ఫ్లై వీల్‌కి అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు. కాలు నొక్కితే రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటు ఫింగర్లని, అంటే దాని లివర్ కొనల్ని, నొక్కి ఆ పట్టు వదిలిస్తుంది. పట్టాల్సినప్పుడు పట్టకపోతే స్లిప్, వదలాల్సినప్పుడు వదలకపోతే గేరు పడదు, రివర్సు వేస్తే కరకరమంటుంది. ఈ రెండిటికీ కారణాలు వేరు, మందు వేరు, ఖర్చు వేరు. డ్రైవర్ వచ్చి "క్లచ్ బాగాలేదు" అన్నాడంటే వెంటనే అడగాల్సింది "పట్టడం లేదా, వదలడం లేదా?" అనే. చాలా డబ్బు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే మిగులుతుంది.

స్లిప్ సంగతి ముందు చూద్దాం. ఖాళీ బండితో చదును రోడ్డు మీద స్లిప్ సరిగా బయటపడదు. లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు, ఉదాహరణకి చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను మోత పెరుగుతుంది గానీ బండి వేగం పెరగదు, కాసేపటికి కాలిన లైనింగు వాసన క్యాబిన్లోకి వస్తుంది. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఇంజను మోత పెరిగి బండి వెనకబడితే క్లచ్. ఇంజను మోత, బండి వేగం రెండూ కలిసి పడిపోతుంటే అది క్లచ్ కాదు, డీజిల్ ఫిల్టరో, టర్బో గొట్టమో, పంపో చూడాలి. ఎక్కడం లేదు అన్న ఒక్క మాట పట్టుకుని క్లచ్ సెట్టు (ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు) మార్చేసి, మర్నాడు అదే ఘాట్లో అదే గేర్లో ఈడుస్తూ కనబడే లారీలు ఉన్నాయి. కాలిన వాసన కూడా ఒక్కోసారి పట్టుకుపోయిన బ్రేకు నుంచి వస్తుంది, బండి ఆపి నాలుగు డ్రమ్ములకీ దగ్గరగా చెయ్యి పెట్టి చూస్తే ఏది వేడెక్కిందో తెలిసిపోతుంది. డ్రమ్ముని ముట్టుకోవద్దు, చేతులు కాలతాయి.

షెడ్డు దగ్గరే పరీక్షించాలంటే చదును నేల మీద, చక్రాలకి ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, పై గేరు వేయండి. ఇంజనుని వెయ్యి, పదిహేను వందల ఆర్పీఎం మధ్య ఉంచి క్లచ్ నెమ్మదిగా వదలండి. బాగున్న క్లచ్ అయితే ఇంజను గింజుకుని ఆగిపోతుంది. కాలు పూర్తిగా తీశాక కూడా ఇంజను తిరుగుతూనే ఉంటే స్లిప్ ఖాయం. బండి ముందు ఎవరినీ నిలబడనివ్వకండి, ఈ పరీక్ష ఒకటి రెండుసార్ల కంటే ఎక్కువ చేయకండి, ఎందుకంటే పరీక్షే ప్లేటుని కాలుస్తుంది.

స్లిప్ అని తేలింది కదా అని ఇంకా దించేయొద్దు. ముందు పెడల్ చూడండి. రాడ్డుతోనో కేబుల్‌తోనో నడిచే క్లచ్‌కి పెడల్ మొదట్లో కొంత దూరం బరువు లేకుండా ఉత్తినే కిందికి దిగాలి, చాలా బండ్లలో అది అంగుళం, అంగుళంన్నర దాకా ఉంటుంది. ప్లేటు అరిగేకొద్దీ ఆ ఫ్రీ ప్లే తగ్గిపోతుంది, చివరికి కాలు తీసినా రిలీజ్ బేరింగు ఫింగర్లని నొక్కే ఉంచుతుంది. అప్పుడు ప్లేటు బాగున్నా స్లిప్ అవుతుంది. రెండు స్పానర్లతో సరిదిద్దే పని అది. సర్దుబాటు చేయడానికి మర అంతా అయిపోయి ఇక తిప్పే చోటు లేదంటే అప్పుడు ప్లేటు అరిగిందని అర్థం.

ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ క్లచ్ అయితే అందరూ వదిలేసే కారణం ఒకటుంది, దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. మా వైపు ఇసుక తోలే ఒక పాత లారీ పొద్దున బాగానే పోయేది, మధ్యాహ్నానికి స్లిప్ మొదలయ్యేది. సాయంత్రం ఆపి రాత్రంతా చల్లారనిస్తే తెల్లారి మళ్లీ మామూలే. సెట్టు మార్చాలని ఒక చోట అంచనా కూడా రాసిచ్చారు. ఇంకో మెకానిక్ బండి స్లిప్ అవుతున్నప్పుడే, ఆ వేడి మీదే, కింద పడుకుని స్లేవ్ సిలిండర్ గాలి తీసే నిపుల్‌ని పావు చుట్టు వదులు చేశాడు. పెడల్ మీద ఎవరి కాలూ లేదు, అయినా బ్రేక్ ఆయిల్ చిమ్మింది. నిపుల్ బిగించి బండి నడిపితే స్లిప్ లేదు. అంటే కాలు తీసినా లైన్లో ప్రెషర్ నిలిచిపోయి బేరింగుని నొక్కుతూనే ఉంది. దీనికి కారణాలు రెండు ఉంటాయి. పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ పుష్ రాడ్‌కి ఫ్రీ ప్లే లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ డబ్బాలోకి తిరిగిపోయే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. లేదంటే రబ్బరు హోసు లోపల ఉబ్బి, నొక్కినప్పుడు ఆయిల్‌ని పోనిచ్చి తిరుగుముఖంలో అడ్డుకుంటుంది. ఆ లారీలో రెండోదే. హోసు మారింది, గేర్ బాక్సు కదల్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అన్నది ఇలాంటి చోటే.

ఇవన్నీ సరిగా ఉండి స్లిప్ ఉంటే మిగిలింది లోపలి పనే: ప్లేటు అరిగి ఉండాలి, ప్రెషర్ ప్లేటు పట్టు తగ్గి ఉండాలి, లేదా లైనింగుకి ఆయిల్ తగిలి ఉండాలి. క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్ కింద తడి ఉంటే వేలితో తీసి చూడండి. నల్లగా, పల్చగా ఉంటే ఇంజను ఆయిల్, క్రాంక్ వెనక సీలు కారుతోంది. చిక్కగా ఉండి గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్, గేర్ బాక్సు ముందు సీలు. రెండూ కాక పల్చగా ఉండి, తగిలిన చోట పెయింటు లేచిపోతుంటే బ్రేక్ ఆయిల్, స్లేవ్ వైపు చూడాలి. ఆ వేలి మీది తడి ఏమిటో తెలియకుండా కొత్త ప్లేటు వేస్తే అది కూడా అదే ఆయిల్‌లో తడుస్తుంది.

వదలడం లేదంటే ఒక స్కేలు తెచ్చుకోండి

గేరు పడకపోవడంలో మొదటి పరీక్షకి పనిముట్టే అక్కర్లేదు. ఇంజను ఆపి గేర్లన్నీ వేసి చూడండి. ఆపినప్పుడు కూడా గట్టిగా ఉంటే క్లచ్‌ని అనుమానించకండి, గేరు రాడ్డు, బుష్షులు, సెలెక్టరు చూడాలి. ఆపితే తేలిగ్గా పడి, స్టార్ట్ చేస్తే పడకపోతే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఇంజను ఐడిల్లో పెట్టి, క్లచ్ అడుగుదాకా తొక్కి, ఐదు సెకన్లు ఆగి రివర్సు వేయండి. ఆ ఐదు సెకన్లలో లోపలి షాఫ్టు ఆగిపోవాలి. అప్పటికీ కరకరమంటే ప్లేటు ఇంకా ఫ్లై వీల్‌తో పాటు తిరుగుతోందని.

ఇప్పుడు పెడల్‌ని రెండు మూడుసార్లు గబగబా పంపు కొట్టి మళ్లీ వేయండి. పంపు కొడితే గేరు పడుతోందంటే లోపం హైడ్రాలిక్స్‌లో ఉంది, లైన్లో గాలి ఉంది లేదా సీళ్లు ప్రెషర్ నిలపడం లేదు. దీన్ని ఖాయం చేసుకోవడానికి ఒకరు పైన పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు కింద స్లేవ్ రాడ్డు ఎన్ని మిల్లీమీటర్లు కదులుతోందో స్కేలు పెట్టి చూడాలి. మాన్యువల్లో చెప్పినంత కదలడం లేదంటే బయటి పనే, దించక్కర్లేదు. పూర్తిగా కదులుతూ కూడా గేరు పడటం లేదంటే అప్పుడు లోపల: ప్లేటు వంగింది, రిలీజ్ బేరింగుని తోసే ఫోర్కు అరిగింది లేదా విరిగింది, ఫింగర్లు ఎగుడుదిగుడయ్యాయి, షాఫ్టు కొనని మోసే పైలట్ బేరింగు పట్టుకుంది, ప్లేటు హబ్బు షాఫ్టు పళ్ల మీద తుప్పుతో జారడం లేదు. ఈ స్కేలు పరీక్ష చేయకుండా గేర్ బాక్సు దించమనే మెకానిక్ దగ్గర కాసేపు ఆగి, కొలిచి చూపించమని అడగండి. తెలిసినవాడు ఏమీ అనుకోడు, చూపిస్తాడు.

వానాకాలమంతా కదలకుండా నిలబెట్టిన బండికి మాత్రం ఇంకో సంగతి. తేమకి ప్లేటు ఫ్లై వీల్‌కి అతుక్కుపోతుంది. పెడల్ బాగానే ఉంటుంది, స్లేవ్ రాడ్డు బాగానే కదులుతుంది, అయినా అస్సలు విడవదు. ఖాళీ మైదానంలో, ముందర ఎవరూ లేకుండా చూసుకుని, ఇంజను వేడెక్కాక ఆపి, చిన్న గేర్లో క్లచ్ తొక్కి ఉంచే స్టార్ట్ చేసి, కదలగానే యాక్సిలరేటర్ ఒకసారి తొక్కి వదిలి బ్రేకు కొడితే చాలాసార్లు ఊడివస్తుంది. ఊడకపోతే దించాల్సిందే.

శబ్దాల గురించి రెండు మాటల్లో. న్యూట్రల్‌లో కాలు తీసి ఉంచితే మోత ఉండి, తొక్కితే ఆగిపోతే గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు. పెడల్ మీద కాలు కొద్దిగా ఆన్చగానే గీమంటే రిలీజ్ బేరింగు. పూర్తిగా తొక్కి, గేర్లో ఉంచినప్పుడు మాత్రమే అరిస్తే పైలట్ బేరింగు. బండి కదిలించేటప్పుడు క్యాబిన్ మొత్తం దడదడలాడితే ప్లేటు మీద ఆయిల్, ఫ్లై వీల్ మీద కాలిన మచ్చలు కారణం కావచ్చు గానీ, ముందు ఇంజను మౌంటింగులు, గేర్ బాక్సు మౌంటింగు, ప్రొపెల్లర్ క్రాసులు, వెనక కమాన్ల యూ బోల్టులు కదిపి చూడండి. పాత బండిలో ఇవి వదులవడం మామూలు, సరిచేయడం చవక.

బయటి పనిలో: ఎయిర్ తీయడమా, కిట్టా, కొత్త సిలిండరా

జబ్బు హైడ్రాలిక్స్‌లో అని తేలితే మీ ముందు మూడు దారులుంటాయి.

ఎయిర్ తీయడం, అంటే లైన్లో చేరిన గాలిని బయటికి పంపడం, అన్నిటికంటే చవక, ఒక సీసా బ్రేక్ ఆయిల్, గంట పని. ఇటీవల లైను ఎక్కడైనా విప్పి ఉంటే, లేదా డబ్బాలో ఆయిల్ అడుగంటిపోయి గాలి లాగి ఉంటే ఇదే సరైన పని. కానీ ఏ కారణం లేకుండా గాలి చేరదు. ఎయిర్ తీసిన వారానికే మళ్లీ పెడల్ మెత్తబడిందంటే రెండోసారి ఎయిర్ తీయించకండి, కారుతున్న చోటు వెతికించండి. స్లేవ్ రబ్బరు టోపీ తొలగించి చూడండి, లోపల తడి ఉంటే సీలు పోయింది. మాస్టర్ అయితే పుష్ రాడ్డు వెంట క్యాబిన్ వైపు కారుతుంది, పెడల్ దగ్గర మ్యాట్ కింద చెయ్యి పెడితే తెలుస్తుంది. ఎక్కడా తడి లేకుండానే పెడల్ తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోతుంటే మాస్టర్ లోపలి సీలు దాటి ఆయిల్ వెనక్కి పోతోంది.

కిట్టు (లోపలి రబ్బరు సీళ్లు) వేయాలా, సిలిండరే మార్చాలా అన్నది సిలిండర్ లోపలి గోడ చెబుతుంది. పిస్టన్ తీసి, గుడ్డతో తుడిచి, టార్చి లైటు వేసి చూడండి. గోడ అద్దంలా నున్నగా ఉంటే కిట్టు చాలు. గోరు తగిలితే ఆగేంత గాటు గానీ, తుప్పు గుంటలు గానీ ఉంటే కిట్టు దండగ, కొత్త రబ్బరుని ఆ గుంటలు నెల తిరక్కుండా కొరికేస్తాయి. ఎమరీ పేపరుతో రుద్ది సరిచేస్తామంటే ఒప్పుకోకండి. పాత బండిలో మాస్టర్, స్లేవ్ ఒకే వయసువి. ఒకటి పోయిందంటే రెండోది కూడా దగ్గరపడిందనే లెక్క, కొత్త సీలు నిలిపే ప్రెషర్‌కి పాతది త్వరగా దొరికిపోతుంది. అందుకని రెండిటికీ ఒకేసారి కిట్లు, వాటితో పాటు రబ్బరు హోసు మార్చడం నా లెక్కలో సరైన ఖర్చు.

కొత్త కిట్టు నెలకే పోవడానికి ఇంకో పెద్ద కారణం కడిగే పద్ధతి. సిలిండర్‌ని డీజిల్‌తోనో పెట్రోలుతోనో కడిగి కిట్టు వేసేస్తారు. ఆ రబ్బరుకి డీజిల్, ఇంజను ఆయిల్ పడవు, ఉబ్బిపోతుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగమనండి, కాస్త ఆయిల్ ఖర్చయినా సరే. ఏ ఆయిల్ పోయాలో డబ్బా మూత మీదో మాన్యువల్లోనో ఉంటుంది, డాట్ 3 లేదా డాట్ 4. ఈ ఆయిల్ గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 మరిగే వేడి కనీసం 205 డిగ్రీల సెల్సియస్, తేమ పీల్చాక ఆ కనీస హద్దు 140 డిగ్రీలకి దిగిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. ఆ తేమే సిలిండర్‌కి తుప్పు కూడా పట్టిస్తుంది. డబ్బాలో ఆయిల్ టీ రంగు దాటి నల్లబడితే మార్చేయండి, సగం వాడి మూత తెరిచి పెట్టిన పాత సీసాలోంచి పోయనివ్వకండి.

పెద్ద బండికి, పెడల్ బరువు తగ్గించే ఎయిర్ బూస్టరు ఉంటే దాన్ని విడిగా చూడాలి. పెడల్ ఒక్కసారిగా బరువెక్కిందంటే ముందు గేజీలో ఎయిర్ ప్రెషర్ నిండిందా అని చూడండి. ప్రెషర్ నిండి ఉండి, పెడల్ సగం తొక్కి పట్టుకున్నప్పుడు బుస్సుమని ఆగకుండా గాలి పోతుంటే బూస్టరు సీలు పోయింది. డబ్బాలో ఆయిల్ తగ్గుతూ బయట ఎక్కడా కారడం లేదంటే కూడా బూస్టరునే అనుమానించండి, ఆయిల్ దాని లోపలి గాలి వైపు చేరుతుంది. బూస్టరు కిట్టుకి నేర్పు కావాలి, రోజూ అదే పని చేసేవాళ్ల దగ్గర తప్ప విప్పించకండి. బండి కిరాయిల ఒత్తిడిలో ఉంటే పాతది ఇచ్చి రిపేరు చేసి ఉంచిన ఇంకోటి మార్చుకోవడమో, కొత్తది వేయించుకోవడమో మేలు.

దించాక: ప్లేటు ఒక్కటా, మొత్తం సెట్టా

ఇక్కడి నుంచి లెక్క తిరగబడుతుంది. దించే కూలి, బండి ఆగిన రోజుల కిరాయి ఇప్పటికే ఖర్చు రాసేశారు. ప్లేటు ఒక్కటి మార్చినా సెట్టు మార్చినా ఆ కూలి ఒకటే. అందుకని రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, క్రాంక్ వెనక సీలు, ఇన్‌పుట్ షాఫ్టు సీలు, ఫోర్కు బుష్షులు, వీటిని బాగానే ఉన్నాయి కదా అని పాతవే వేయించకండి. వీటిలో ఏది మూడు నెలలకి పోయినా మళ్లీ అదే గేర్ బాక్సు దించాలి.

ప్రెషర్ ప్లేటు మాత్రం ఖరీదైన సామాను కాబట్టి చూసి తేల్చుకోవాలి. ప్లేటు ఆనే ముఖం నున్నగా, ఒకే రంగులో ఉండి, ఫింగర్ల కొనలు అరిగి గుంట పడకుండా, అన్నీ ఒకే ఎత్తులో ఉంటే, అది వేసి ఎంతో కాలం కాకపోతే, పాతదే ఉంచొచ్చు. నీలం రంగు మచ్చలు, సన్నటి బీటలు కనిపిస్తే కొత్తదే. కాయిల్ స్ప్రింగుల పాత రకానికి లివర్ల ఎత్తు సరిచేసి, స్ప్రింగులు మార్చి రిపేరు చేయొచ్చు, చేయగల పెద్ద చేతులు ఇంకా ఉన్నాయి. ఒకే పళ్లెం లాంటి స్ప్రింగు ఉండే డయాఫ్రం రకానికి ఆ వెసులుబాటు దాదాపు లేదు, ఫింగర్లు అరిగితే మార్చడమే. డయాఫ్రం బండిలో ప్లేటు అరిగేకొద్దీ పెడల్ బరువెక్కుతుంది, డ్రైవర్ కొన్ని నెలలుగా కాలు నొప్పి అంటున్నాడంటే ఆ మాటని తేలిగ్గా తీసుకోకండి.

పాత ప్లేటు లైనింగులో రివెట్ తల ఎంత లోతున ఉందో కొలవండి. చాలా మాన్యువళ్లలో హద్దు 0.3 మిల్లీమీటర్లు. లోతు అంతకంటే తగ్గిందంటే త్వరలో రివెట్లు ఫ్లై వీల్‌ని గీస్తాయి.

లైనింగు కొట్టించడమా, కొత్త ప్లేటా

లైనింగు కొట్టించిన ప్లేటు సగం ధరకే వస్తుందని ఆశ పుడుతుంది. అందులో కొత్తది లైనింగు మాత్రమే. మధ్యలో హబ్బు పళ్లు, కుదుపు తీసుకునే స్ప్రింగులు, లైనింగు వెనక ఉండే అలల రేకులు అన్నీ పాతవే. పాత ప్లేటుని చెవి దగ్గర పెట్టి ఊపండి. స్ప్రింగులు గలగలమంటే, హబ్బు పళ్లు షాఫ్టు మీద ఊగుతుంటే లైనింగు కొట్టించడం దండగ. గట్టిగా ఉండి, బండి ఊరి చుట్టుపక్కల తిరుగుతూ సగం ఖాళీగా వచ్చేదైతే, కొట్టేవాడు రివెట్లు సమంగా బిగించేవాడైతే నడుస్తుంది. ఘాట్ రోడ్లు ఎక్కే బండికి, క్వారీ టిప్పరుకి, హైదరాబాదు నుంచి చెన్నైకో ముంబైకో పోయే బండికి నేను ఎప్పుడూ కొత్తదే చెబుతాను. దారిలో ఆగిపోతే టోయింగ్ ఖర్చులోనే రెండు ప్లేట్ల తేడా పోతుంది.

కొత్తదాంట్లోనూ మామూలు లైనింగు, సెరామిక్ బటన్లది అని రెండు రకాలు. సెరామిక్ వేడి బాగా తట్టుకుంటుంది, బరువు కింద గట్టిగా పడుతుంది, కానీ బండి కదిలించేటప్పుడు కుదుపుతో పడుతుంది, ఫ్లై వీల్ ముఖాన్ని ఎక్కువగా తింటుంది. మామూలు లైనింగు మెత్తగా పడుతుంది, ఊళ్లో మాటిమాటికీ ఆగి కదిలే బండికి సుఖం. కంపెనీ మీ బండికి ఏ రకం ఇచ్చిందో అదే వేయడం మంచిది, పని మారి క్వారీలోకి దింపినప్పుడు మాత్రం సెరామిక్ ఆలోచించొచ్చు.

షాపుకి పాత ప్లేటు చేత్తో పట్టుకుని వెళ్లండి. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు ఏళ్లలో వేర్వేరు వ్యాసం ప్లేట్లు వచ్చి ఉంటాయి. వ్యాసం, పళ్ల లెక్క, హబ్బు ఎత్తు మూడూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. డూప్లికేటు పెట్టెలు చాలా ఉన్నాయి, పార్టు నంబరు వేసిన జీఎస్టీ బిల్లు ఇవ్వనంటే ఆ షాపులో తీసుకోకండి. వాలియో, లుక్, సాక్స్, సెట్కో లాంటి పేరున్న కంపెనీల్లో ఏది అన్న చర్చ కంటే అసలుదేనా, మీ బండిదేనా అన్నదే ముఖ్యం.

ఫ్లై వీల్ గురించి కూడా అప్పుడే తేల్చాలి. నున్నగా ఉంటే ముట్టుకోవద్దు. గీతలు, చిన్న మచ్చలు ఉంటే లేత్ మీద ఫేసింగ్ కొట్టించండి, మాన్యువల్లో చెప్పిన కనీస మందం తగ్గకుండా. ముఖానికీ బోల్టులు పట్టే అంచుకీ మధ్య మెట్టు ఉన్న ఫ్లై వీల్ అయితే రెండిటినీ సమానంగా తీయాలి, ఒక్క ముఖమే తీస్తే ప్రెషర్ ప్లేటు పట్టు తగ్గి కొత్త సెట్టు కూడా స్లిప్ అవుతుంది. లోతైన బీటలుంటే మార్చడమే, అక్కడ రాజీ పడకండి, ఇంజను వేగం మీద పగిలితే అది క్యాబిన్ అడుగునే ఉంటుంది.

ఎక్కడ చేయించాలి

విజయవాడ ఆటోనగర్, హైదరాబాదు ఆటోనగర్, విశాఖలో గాజువాక ఆటోనగర్ లాంటి చోట పెద్ద సుఖం ఏమిటంటే గేర్ బాక్సు మెకానిక్, లేత్ షాపు, లైనింగు కొట్టేవాళ్లు, సామాన్ల షాపులు అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. ఫ్లై వీల్ పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి వస్తుంది, మీరు పక్కనే నిలబడి చూడొచ్చు. పాత మోడళ్లకి ఇదే నా ఓటు. కంపెనీ సర్వీస్ సెంటర్లో బోల్టు బిగింపు లెక్క ప్రకారం ఉంటుంది, సామాను అసలుదే దొరుకుతుంది, కానీ బాగా పాత బండి సామాను ఆర్డర్ పెట్టి తెప్పించాల్సి రావొచ్చు, బండి ఆగిన రోజులు లెక్క వేసుకోండి. బూస్టరు తేడా, ఎన్నిసార్లు చేసినా తిరగబెట్టే జబ్బు అయితే అక్కడికి వెళ్లడం న్యాయం. హైవే పక్కన షెడ్డులో ఎయిర్ తీయించడం, కిట్టు వేయించడం, హోసు మార్చడం వరకే. చెట్టు కింద గేర్ బాక్సు దింపించడం మాత్రం వద్దు.

ఎక్కడ చేయించినా దగ్గరుండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గేర్ బాక్సు ఎక్కించేటప్పుడు దాని బరువు షాఫ్టు మీదుగా ప్లేటు హబ్బు మీద వేలాడకూడదు, వేలాడితే కొత్త ప్లేటు ఆ క్షణమే వంగుతుంది, జాకీ తీయకుండా లోపలికి తోయాలి. ప్లేటు మధ్యకి సరిగా కూర్చోడానికి పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్క పెట్టి పట్టిస్తారు, కంటి అంచనాతో పెట్టనివ్వకండి. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. షాఫ్టు పళ్లకి గ్రీజు పూత మాత్రమే, ముద్ద పెడితే తిరిగేటప్పుడు చిమ్మి లైనింగుకి తగులుతుంది. బెల్ హౌసింగ్‌లోని దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దనండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, తడి గుడ్డతో తుడవాలి, కుర్రవాడికి ఒక మాస్కు కొనివ్వండి.

ఎన్నాళ్లు నెట్టుకురావచ్చు

గేరు కష్టంగా పడుతూ, పంపు కొడితే నడుస్తున్న బండిని ఒకటి రెండు కిరాయిలు జాగ్రత్తగా తిప్పి చేయించొచ్చు. రిలీజ్ బేరింగు సన్నగా అరుస్తుంటే కొన్ని వారాలు ఆగొచ్చు. స్లిప్ మాత్రం ఒక్క లోడు కూడా ఆగకండి. స్లిప్ అయ్యే ప్రతి కిలోమీటరు వేడిగా మారి ఫ్లై వీల్‌నీ, ప్రెషర్ ప్లేటునీ కాలుస్తుంది, ప్లేటుతో పోయేది మూడిటి దాకా వస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అంటే ఎఫ్‌సీ ఏటా చేయించాలి కదా, తేడా కొద్దికొద్దిగా ఉండి స్లిప్ లేకపోతే ఆ రోజులకే ఈ పని కలుపుకుంటే బండి రెండుసార్లు ఆగక్కర్లేదు.

కొత్త సెట్టు పడ్డాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఓవర్ లోడు వేయకండి, ఎత్తులో హ్యాండ్ బ్రేకు వాడండి, క్లచ్ మీద బండిని నిలబెట్టకండి, కాలు పెడల్ మీద ఊరికే ఆన్చి ఉంచొద్దని డ్రైవర్‌కి చెప్పండి. ఆ తర్వాత ఒకసారి కింద పడుకుని బెల్ హౌసింగ్ అడుగు తడి ఉందేమో చూడండి, పెడల్ ఫ్రీ ప్లే మళ్లీ కొలిచి సరిచేయించండి, ఎందుకంటే కొత్త లైనింగు మొదట్లో కాస్త అణిగి కూర్చుంటుంది. ఆ రోజు స్లేవ్ రాడ్డు ఎన్ని మిల్లీమీటర్లు కదులుతోందో కొలిచి బండి కాగితాల కవరు మీద తేదీతో రాసి పెట్టండి, ఈసారి తేడా వచ్చినప్పుడు పోల్చుకోడానికి మీ బండి అంకే మీ దగ్గర ఉంటుంది.